స్తోత్రానికి ముందు మొర

డిసెంబరు 31 రాత్రి ఆమదాలవలస నుంచి ఇచ్ఛాపురం దాకా చిన్నా పెద్దా ప్రార్థనా మందిరాల్లో జరిగే కూడికకు ఒక వరస ఉంది. ముందు పాటలు, తర్వాత వాక్యం, ఆ పైన సాక్ష్యాలు. ఏడాది పొడుగునా దేవుడు చేసిన మేళ్లను ఒక్కొక్కరూ లేచి చెబుతారు. పిల్లకు ఉద్యోగం వచ్చింది, పెద్దాయన ఆపరేషన్ గట్టెక్కింది, వలస పనికి చెన్నై వెళ్లిన కొడుకు క్షేమంగా ఇల్లు చేరాడు. ప్రతి మాటకూ సంఘమంతా స్తోత్రం అంటుంది. మరి ఆ ఏడాది కొడుకు శవమై వచ్చిన తల్లి ఏం చెప్పాలి? మదుపు కూడా చేతికి రాక ఉన్న ఎకరం అమ్ముకున్న రైతు ఏం చెప్పాలి? చాలాసార్లు వాళ్లు లేవరు. ఎవరైనా బలవంతం చేస్తే లేచి, గొంతులోది గొంతులోనే మింగి, ‘అయినా దేవునికి స్తోత్రం’ అని కూర్చుంటారు. సంఘం దాన్ని గొప్ప విశ్వాసమని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు మీదే నాకు అనుమానం. కష్టకాలంలో కృతజ్ఞత క్రైస్తవ విశ్వాసానికి గుండెకాయ అన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ ఏడవనివ్వకుండా పలికించిన స్తోత్రం కృతజ్ఞత కాదు. మొరపెట్టుకునే హక్కు ఉన్న చోటే కృతజ్ఞతకు విలువ ఉంటుందన్నది నా వాదన. దీనికి మొదటి సాక్షి ఆ మందిరంలో బల్ల మీద ఉన్న బైబిలే.

కష్టంలోనూ ఆనందించాలని చెప్పేటప్పుడు బోధకులు ఎక్కువగా ఎత్తే పేరు హబక్కూకు. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, పొలం పండకపోయినా, కొట్టంలో పశువు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న ప్రవక్త అతను. ఈ మాట మన శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో చదివితే ఒంటికి తగులుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. తెల్లారేసరికి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి తోటలు మొదళ్లతో సహా నేలకొరిగి ఉన్నాయి. జీడిమామిడి చెట్లు చీలిపోయాయి. వరి పోతే మరో కారుకు ఆశ ఉంటుంది. కొబ్బరి పోతే, మళ్లీ మొక్క నాటి కాయ చూడ్డానికి అయిదారేళ్లు కావాలి. ఆ నేల మీద నిలబడి హబక్కూకు మూడో అధ్యాయం వల్లించడం తేలిక. కానీ ఆ పుస్తకంలో మొదటి రెండు అధ్యాయాలు కూడా ఉన్నాయి. ఎన్నాళ్లు మొరపెట్టాలి, నువ్వెందుకు వినవు, అన్యాయాన్ని చూస్తూ ఎందుకు ఊరుకుంటావు అని దేవుణ్ణే నిలదీయడంతో అది మొదలవుతుంది. ఆ పోట్లాట అంతా అయ్యాక వచ్చిన ఆనందం అది. మొదటి రెండు అధ్యాయాలు చింపేసి మూడోది మాత్రం చదివించే అధికారం ఎవరికీ లేదు.

కీర్తనల గ్రంథం చూడండి. అందులో 150 కీర్తనలుంటే దాదాపు మూడో వంతు విలాపాలే. వాటిలో చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి, నిజమే. కానీ 88వ కీర్తన తిరగదు. అది చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. ఒక్క ఆశాకిరణమైనా అతికించకుండా దాన్ని అలాగే ఉంచారు, ఆరాధనలో పాడుకున్నారు. ఇక యోబు. ఉన్నదంతా పోగొట్టుకున్న రోజున కూడా దేవుని నామాన్ని స్తుతించిన యోబును మన పల్లె మందిరాల్లో ఎరగనివారు లేరు. మూడో అధ్యాయంలో తాను పుట్టిన దినాన్నే శపించిన యోబును, ఆ తర్వాత ముప్ఫైకి పైగా అధ్యాయాల్లో సాగే ఆ వాదులాటను మాత్రం ఎవరూ పట్టించుకోరు. చివర్లో తీర్పు చెప్పిన దేవుడు ఎవరిని తప్పుపట్టాడు? నోరు చేసుకున్న యోబును కాదు. పక్కన కూర్చుని, దేవుడు ఏది చేసినా న్యాయమే, నీ తప్పేదో చూసుకో అని నీతులు చెప్పిన స్నేహితులను. ఈ ముగింపును మన బోధకులు తీరిగ్గా చదివితే బాగుండును.

అందుకే, కష్టంలో కృతజ్ఞత చూపమన్నది మంచి మాటా చెడ్డ మాటా అని తేల్చే ముందు, దాన్ని ఎవరు ఎవరితో అంటున్నారో అడగాలి. బాధ పడుతున్న మనిషి తనంత తాను చెప్పుకుంటే అది బలం. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాడికి చెబితే అదే మాట పెత్తనం. ఈమధ్య టీవీల్లో, ఫోన్లలో వినిపిస్తున్న ఒక రకం బోధ ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. అద్భుతం జరగకముందే స్తోత్రం చెప్పండి, విత్తనపు కానుక వేయండి, నూరంతలు వస్తుంది అంటారు. అంటే కృతజ్ఞతను అద్భుతానికి కట్టే అడ్వాన్సుగా మార్చేశారు. అద్భుతం రాకపోతే తప్పు విశ్వాసం చాలని మనిషిదే అవుతుంది, కానుక మాత్రం తిరిగి రాదు. పొందినదానికి చెప్పేది కృతజ్ఞత. పొందడం కోసం చెల్లించేదానికి వేరే పేరుంది, అది లంచానికి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. విశ్వాసం లేనివారూ, విశ్వాసం ఉండి ఆలోచించేవారూ ఇద్దరూ అడిగేది ఇది: పేదవాడికి కృతజ్ఞత నేర్పడమంటే నోరు మూసుకోవడం నేర్పడం కాదా? శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రశ్నను గాలికి కొట్టేయడం కుదరదు. ఉద్దానంలో మూడు దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషులను తినేస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక్క మాటగా తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను వచ్చింది. ఉపరితల జలాలను ఇంటింటికీ అందించే పథకం వచ్చింది. ఇవేవీ స్తోత్రాలతో రాలేదు. జనం రోడ్డెక్కితే, పత్రికలు రాస్తే, పార్టీల మీద ఒత్తిడి పెరిగితే వచ్చాయి. ఉన్నదానికి తృప్తిపడి ఊరుకుంటే ఇవి ఉండేవి కావని ఎవరైనా అంటే, అవుననే చెప్పాలి. అంతవరకు ఆ అభ్యంతరం న్యాయమైనదే.

కానీ అక్కడ ఒక పొరపాటు జరుగుతోంది. కృతజ్ఞత, నిరసన రెండూ ఒక మనిషిలో ఇమడవన్న ఊహ మీద ఆ అభ్యంతరం నిలబడింది. అపొస్తలుల కార్యాల్లో ఫిలిప్పీ పట్టణపు చెరసాల కథ చాలామందికి తెలుసు. బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి లోపలి గదిలో పడేస్తే, అర్ధరాత్రి పౌలు, సీలలు దేవునికి కీర్తనలు పాడారు. మందిరాల్లో కథ ఇక్కడికి, లేదా ఆ తర్వాతి భూకంపం దగ్గరికి ఆగిపోతుంది. తెల్లారాక జరిగింది అంతకన్నా ఆసక్తికరం. గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మని అధికారులు కబురు పెడితే పౌలు కదలనన్నాడు. మేము రోమా పౌరులం, విచారణ లేకుండా నలుగురిలో కొట్టించారు, ఇప్పుడు దొంగచాటుగా పంపుతారా, వాళ్లే స్వయంగా వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు వచ్చారు, బతిమాలుకున్నారు. రాత్రి పాడిన నోరే పొద్దున హక్కు అడిగింది. ఆ రెండింటికీ మధ్య ఆయనకు వైరుధ్యమేమీ కనబడలేదు. పాట ఆయన్ని మెత్తబరచలేదు సరికదా, భయం పోగొట్టింది.

మన దళిత క్రైస్తవుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా దక్కింది. క్రైస్తవంలోకి వెళ్లినవారికి మాత్రం ఇప్పటికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్నారు. ప్రతి ఆదివారం స్తోత్రం చెప్పే జనమే ఈ ఉత్తర్వు మీద దశాబ్దాలుగా వినతులు ఇస్తున్నారు, కోర్టులకు ఎక్కుతున్నారు. క్రైస్తవుడైన గుర్రం జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో అంటరాని మనిషి తన గోడును గబ్బిలం చేత కాశీలోని శివుడి చెవిన వేయిస్తాడు. తెలుగు సాహిత్యం తలెత్తుకుని చూపించే ఆ కావ్యం మొదటి నుంచి చివరి దాకా మొరే. మొర విశ్వాసానికి శత్రువైతే ఈ చరిత్ర అంతా అర్థం లేనిది అవుతుంది.

మరి కృతజ్ఞత చేసే పనేమిటి? డయాలసిస్ కుర్చీ దగ్గర చూస్తే తెలుస్తుంది. ముందు బరువు తూస్తారు. చేతిలోని ఫిస్టులాకు రెండు సూదులు గుచ్చి మిషనుకు కలుపుతారు. దాదాపు నాలుగు గంటలు కదలకుండా ఉండాలి. చివర్లో మళ్లీ బరువు తూస్తారు. వారానికి రెండు మూడుసార్లు ఇదే తంతు. మధ్య రోజుల్లో నీళ్లు కొలత ప్రకారమే తాగాలి. మే నెల ఎండలో, జీవితమంతా పొలంలోనో జీడి ఫ్యాక్టరీలోనో చెమటోడ్చినవారికి ఈ ఒక్క నియమం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఈ జబ్బు ఒక కష్టకాలం కాదు, మిగిలిన బతుకంతా ఇదే. ఇలాంటి మనిషికి ఏదో ఒక రోజు అంతా బాగవుతుందన్న ఆశ కన్నా, ఈ రోజు పూర్తిగా పోలేదన్న ఎరుక ఎక్కువ అవసరం. ఆటోలో దిగబెట్టిన అన్న కొడుకు, సూది నొప్పి తెలియకుండా గుచ్చే నర్సు, కూలి మానుకుని పక్కన కూర్చున్న భార్య. వీళ్ల పేర్లు ప్రార్థనలో పలికే మనిషి తన జబ్బును బాగుందని అనడం లేదు. జబ్బు తనను ఒంటరివాణ్ణి చేయలేకపోయిందని మాత్రమే అంటున్నాడు. ఆ మాట అనగలగడం చిన్న సంగతి కాదు. అలాగని స్తోత్రంతో కిడ్నీ బాగవుతుంది, డయాలసిస్ మానెయ్యి అని ఎవరైనా చెబితే వాళ్లను మందిరం గుమ్మం తొక్కనివ్వకూడదు.

ఈ విషయంలో మనస్తత్వ శాస్త్రం చెప్పేది కూడా ఎక్కువా తక్కువా కాకుండా చెప్పుకోవాలి. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెక్‌కల్లో చేసిన ప్రయోగాల్లో కొందరు తమకు దక్కిన మేళ్లను, మరికొందరు చికాకులను రాసుకుంటూ వెళ్లారు. మేళ్లు రాసుకున్నవారు తమ జీవితం పట్ల కాస్త ఎక్కువ సంతృప్తి చూపారు. నరాలు, కండరాల జబ్బుతో ఉన్నవారిలోనూ దాదాపు అదే కనబడింది. దీన్ని పట్టుకుని కృతజ్ఞత సర్వరోగ నివారిణి అన్నట్టు పుస్తకాలు పుట్టుకొచ్చాయి. 2020లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 27 అధ్యయనాలను కలిపి చూస్తే, ఇలాంటి అభ్యాసాలతో కుంగుబాటు, ఆందోళన తగ్గేది స్వల్పంగానే అని తేలింది. నాకు ఇది నిరాశ కలిగించలేదు. కుంగుబాటు ఉన్నవారికి వైద్యం కావాలి. కృతజ్ఞతను మాత్రలాగా వాడితే మాత్రలాగానే దాన్ని కొలుస్తారు, అందులో అది ఓడిపోతుంది. క్రైస్తవం దాన్ని మాత్రగా ఇవ్వలేదు, బాకీగా చెప్పింది. బాకీ తీర్చినవాడికి మనసు తేలికపడితే మంచిదే. పడకపోయినా బాకీ బాకీయే.

ఇంకో అభ్యంతరం ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా పదునైనది. తుపానులో దేవుడు నన్ను కాపాడాడని ఒకరు లేచి చెబుతారు. పక్కింటి గోడ కూలి మనిషి చనిపోయాడు. మరి అతన్ని దేవుడు కాపాడలేదా? ఒకరి కృతజ్ఞత ఇంకొకరి గుండెల్లో గునపం కాదా? దీనికి సులువైన జవాబు లేదు, ఉందని చెప్పేవారిని నమ్మకండి. కానీ ఒక హద్దు మాత్రం సువార్తలోనే గీసి ఉంది. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతిని యేసు స్వయంగా ఎత్తి, వాళ్లు మిగతావారికన్నా పాపులని అనుకుంటున్నారా, కానే కాదు అన్నాడు. బతికినవాడి పుణ్యం, చచ్చినవాడి పాపం అన్న లెక్కను అక్కడే కొట్టేశాడు. మరో కథలో ఆయన తప్పుపట్టిన ప్రార్థన ఏదో గుర్తు చేసుకోండి. దేవాలయంలో పరిసయ్యుడు చేసింది కృతజ్ఞతా ప్రార్థనే! నేను ఇతరుల్లాంటివాణ్ణి కానందుకు వందనం అన్నాడు. దేవుని ఎదుట నీతిమంతుడిగా ఇల్లు చేరింది అతను కాదు, రొమ్ము కొట్టుకుని కనికరించమన్న సుంకరి. మనకన్నా తక్కువలో ఉన్నవాణ్ణి చూసి తృప్తిపడమని మన పెద్దలు కూడా చెబుతుంటారు. ఓదార్పు కోసం అంటారు గానీ, సువార్త ప్రకారం అది కృతజ్ఞత కింద జమకాదు. పక్కింటివాడి చావుతో పోల్చి చెప్పే సాక్ష్యం కన్నా మౌనం మేలు.

ఇక బయటివారు తరచూ విసిరే మాట: తిండి పెడితే మతం మారారు, ఆ కృతజ్ఞత కొనుక్కున్నది అని. ఇందులో నిజం పాలు అసలే లేదనను. ఆకలిలో ఉన్నవాడికి అన్నం పెట్టిన చేయి, ఆ చేయి పట్టుకున్న పుస్తకం వేరువేరుగా కనబడవు. అందుకే 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ చేసిన పని గమనించదగింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో అల్లాడే వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవారు విశ్వాసం పేరు చెప్పుకోకూడదన్నది ఆయన జాగ్రత్త. కరువు పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లందరి మనసుల్లో ఏముందో ఎవరు చెప్పగలరు? అన్నం పెట్టినవాడి మీద గౌరవం, కులం బరువు దింపుకోవాలన్న ఆశ, దేవుడి మీద నమ్మకం కలగలిసే ఉంటాయి. మనుషుల్లో కలగలవని కృతజ్ఞత ఎక్కడుంటుంది గనక? సాయాన్ని షరతు లేకుండా చేశారా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న ఆనాటి మిషనరీలకు ఎంత వర్తిస్తుందో, ఈనాడు పథకం ఇచ్చి ఓటు అడిగేవారికీ అంతే వర్తిస్తుంది.

దేవుడు లేకపోయినా కృతజ్ఞత ఉండదా అంటే ఉంటుంది, ఎందుకుండదు. ఆ పోటీ నాకు అక్కర్లేదు. క్రైస్తవం దానికి చేర్చింది ఒక్కటే: కృతజ్ఞతను నలుగురిలో, చేతి నుంచి ఏదో ఒకటి వదిలేలా చెప్పాలన్న పద్ధతి. మన పల్లెల్లో కోతల పండుగ చూడండి. గుమ్మడికాయ, అరటి గెల, చోళ్లు, ఒక డజను గుడ్లు, కాళ్లు కట్టిన కోడిపుంజు, ఎవరికి పండింది వాళ్లు మోసుకొచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. బజారులో యాభై రూపాయలు చేయని సొరకాయను పంతం కొద్దీ ఎంతకో పాడేస్తారు. నవ్వులు, కేకలు. పంట పోయిన ఏడు ఆ బల్ల సగం ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీని కూడా సంఘమంతా చూస్తుంది. ఎవరి ఇంట్లో ఏం లేదో ఆ రోజు తెలిసిపోతుంది. తెలిశాక ఎవరేం చేశారన్నదే ఆ సంఘానికి పరీక్ష.

ఉత్తరాంధ్రలో ఈ పరీక్షలో నెగ్గిన దాఖలాలు లేకపోలేదు. కుష్ఠు నయమైన పదిమందిలో ఒక్కడే, అదీ సమరయుడు, తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడన్న కథ ప్రతి సండేస్కూలు పిల్లకూ తెలుసు. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి తరాల తరబడి ఆ రోగులనే చేరదీసింది, ఊరు వెలివేసినవారి పుళ్లు కడిగింది. సోంపేటలో కెనడా బాప్టిస్టు వైద్యుడు బెన్ గలిసన్ కంటి ఆపరేషన్లు చేశాడు. ఆయన పని గురించి విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థకు శ్రీకారం చుట్టాడు. అది తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. అంతకు చాలా ముందే, పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, శ్రీకాకుళంలో సేవ చేసిన పురుషోత్తమ చౌదరి తెలుగు క్రైస్తవులకు వందకు పైగా కీర్తనలు ఇచ్చి వెళ్లాడు. వాటిలో వేడికోలు, పశ్చాత్తాపం, స్తుతి ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. ఆ కీర్తనలు నేటికీ పాడుకుంటున్న సంఘాలు వాటిలో స్తుతిని ఉంచుకుని మొరను వదిలేస్తే అది ఆయనకు చేసే అన్యాయమే.

ఆమదాలవలస స్టేషనుకు శ్రీకాకుళం రోడ్డు అని పేరు. అక్కడ మూటాముల్లెతో రైలు కోసం కూర్చున్న వలస కూలీల్లో మన సంఘాలవారూ ఉన్నారు. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఆ ఊళ్లో చెరకు రైతుకు కృతజ్ఞత బోధించే ముందు అతని నష్టం పూర్తిగా వినాలి. కాబట్టి ఈ జిల్లా పాస్టర్లకు, సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. ఈసారి డిసెంబరు 31 రాత్రి మైకు ముందుగా ఆ ఏడు నష్టపోయినవారికి ఇవ్వండి. వాళ్లు చెప్పాక వెంటనే స్తోత్రం అనకండి, 88వ కీర్తన చదివి ఊరుకోండి. కృతజ్ఞతార్పణ సంచిలో పడిన డబ్బులో కనీసం సగం డయాలసిస్‌కు వెళ్లేవారి దారి ఖర్చులకు, వలస వెళ్లినవారి పిల్లల ఫీజులకు తీసి పెట్టండి. వాళ్లు మన మందిరానికి వస్తారా రారా అని చూడకండి. పైసాతో సహా ఆ లెక్కను మందిరం గోడకు అంటించండి.